అంగీకారం చాలునా?

వీథిలో ఒకడు మరొకని ముఖంపై పిడికిలితో కొట్టినచో అది నేరం. అదే దెబ్బ త్రాళ్ళు కట్టిన బరిలో తగిలినచో అది క్రీడ. ఈ రెండింటికీ గల భేదమేమి? దెబ్బ తినువాడు ముందుగా అంగీకరించినాడనియు, ఆటకు నియమాలున్నవనియు సమాధానం చెప్పుదురు. ఆ సమాధానం ఎంత దృఢమైనదో ముష్టియుద్ధ చరిత్రయే తెల్పగలదు.

గ్రీకులు ఈ విద్యను క్రీ.పూ. 688లో ఒలింపిక్ క్రీడలలో చేర్చినారు. అప్పుడు రౌండ్లు లేవు. ఒకడు ఓటమి ఒప్పుకొనువరకు, లేక లేవలేని స్థితికి వచ్చువరకు పోరు సాగేది. ఇంగ్లండులో 1743లో జాక్ బ్రౌటన్ నియమాలు కూర్చి, క్రింద పడినవానిని కొట్టరాదని శాసించినాడు. 1867లో వెలువడిన క్వీన్స్‌బెరీ నియమాలు చేతి తొడుగులను, మూడు నిమిషాల రౌండును, నిమిషం విశ్రాంతిని, పడినవాడు లేచుటకు పది సెకండ్ల గడువును ఏర్పరచినవి.

పైకి ఇది కరుణ విస్తరించిన కథ. కాని ఇందులో ఒక వైపరీత్యమున్నది. వట్టి పిడికిలి పుర్రెపై బలంగా తగిలినచో చేతి ఎముకయే విరుగవచ్చును. ఆ భయం యోధుని కొంత వెనుకకు లాగేది. తొడుగు ఆ జంకును పోగొట్టినది. చర్మాన్ని కొంత కాపాడినది గాని, పుర్రెలో మెదడు అదరుటను ఆపలేకపోయినది. రక్తం తగ్గినది, చూపరి మనస్సు కుదుటపడినది, హాని మాత్రం కంటికి కనబడని చోటికి తొలగినది. ఏండ్ల తరబడి తలపై దెబ్బలు తిన్న యోధుల తడబడు నడకను, మందగించిన బుద్ధిని 1928లో అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ వర్ణించి చూపినాడు.

యోధుడు అంగీకరించినది తానెరిగిన నొప్పికి. ఇరువది ఏండ్ల పిమ్మట తన స్మృతినే హరించు దెబ్బకు అతడెట్లు అంగీకరించగలడు? ఆకలియే అతనిని బరిలోనికి తెచ్చినచో ఆ సమ్మతిలో స్వేచ్ఛ పాలెంత? అయినను ఈ విద్య ధైర్యాన్ని, నిగ్రహాన్ని నేర్పుననుట, పేదవానికి గౌరవం తెచ్చినదనుట అసత్యం కాదు. నిషేధంతోనే చిక్కు తీరదు. స్వీడన్ 1970లో వృత్తి ముష్టియుద్ధాన్ని నిషేధించి, దశాబ్దాల తరువాత పరిమితులతో మరల అనుమతించినది.

ఒక్కటి మాత్రం స్పష్టం. యోధుని అంగీకారం యోధునిదే. దానిని చూపి ప్రేక్షకుడు తాను నిర్దోషినని చెప్పుకొనజాలడు. అతడు చెల్లించు సొమ్ముతోనే ఆ బరి నిలిచియున్నది. 1982లో కొరియా యోధుడు కిమ్ డుక్-కూ పదునాలుగవ రౌండులో కూలి, కొన్ని దినాలకు మరణించినాడు. ఆ పిమ్మటనే ప్రపంచ బాక్సింగ్ మండలి పదునైదు రౌండ్లను పన్నెండుకు తగ్గించినది. ఆ నియమం ఒక ప్రాణం పోయిన తరువాత వచ్చినది. రాబోవు నియమం ప్రాణం పోకముందే రావలెనని పట్టుబట్టుట చూచువాని ధర్మం.