దొరకని కారణాంకం

వకీలు: 429,49,67,297. ఈ సంఖ్యలో అంత విశేషం ఏముంది మాస్టారూ?

మాస్టారు: ఇది 2కి 32వ ఘాతం, దానికి ఒకటి కలిపినది. 3, 5, 17, 257, 65537 వరుసలో తర్వాతది. ఆ అయిదూ ప్రధాన సంఖ్యలే కాబట్టి ఇదీ అంతేనని 1640లో ఫెర్మా అనుకున్నాడు. మీవాడేనోయ్, టులూజ్ న్యాయస్థానంలో కౌన్సిలర్! రుజువు తన దగ్గర లేదని ఒప్పుకున్నాడు కూడా.

వకీలు: అయితే కేసు కొట్టేసినట్టే.

మాస్టారు: కొట్టేసింది ఆయిలర్, 1732లో. 641తో నిశ్శేషంగా పోతుందన్నాడు. భాగహారం చెయ్యకుండానే చూపిస్తా, చూడు. 640 అంటే 5 × 128. దాన్ని 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు. నాలుగో ఘాతం చేస్తే 625 × 2^28, శేషం 1. కానీ 641 అంటే 625 + 16 కూడా. అంటే 625 ఉన్నచోట −16 పెట్టుకోవచ్చు. అప్పుడు −2^32కి శేషం 1. ఇక 2^32 + 1కి మిగిలేది సున్నా.

(కాగితం మీద రాసుకుంటే రెండు నిమిషాల పని. రాసుకోకుండా ముందుకు పోయే పాఠకుడు ఈ వ్యాసంలోని అసలు రుచి వదులుకున్నట్టే.)

వకీలు: బాగుంది, దొంగను పేరుతో సహా పట్టారు. పట్టుకోకుండా దొంగతనం రుజువు చెయ్యగలరా?

మాస్టారు: ఎందుకు చెయ్యలేం? సున్నా నుంచి లెక్కపెడితే ఇది 5వ ఫెర్మా సంఖ్య. 20వదానికి 3,15,653 అంకెలు. 3తో మొదలుపెట్టి వర్గం చెయ్యడం, ఆ సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవడం. ఇలా 10,48,575 సార్లు. చివరికి −1 వస్తే ప్రధానం, రాకపోతే కాదు. పెపాఁ పరీక్ష అంటారు. 1980ల చివర కంప్యూటర్ మీద చేశారు. రాలేదు.

వకీలు: కారణాంకం ఏది మరి?

మాస్టారు: దొరకలేదు.

వకీలు: ఎవరూ చూడనిదాన్ని ఉందంటే ఎలా నమ్మేది? నిర్మించి చూపిస్తేనే ఉన్నట్టు అనే గణితవేత్తలూ ఉన్నారటగా?

మాస్టారు: ఉన్నారు, బ్రౌవర్ లాంటివాళ్లు. ఇక్కడ వాళ్లకీ పేచీ లేదు. వెతకాల్సిన సంఖ్యలకు హద్దుంది, ఒక్కొక్కటే భాగిస్తూ పోతే ఎప్పుడో తగలాల్సిందే. ఆ ‘ఎప్పుడో’ విశ్వం వయసుకు కూడా అందదు, అంతే.

వకీలు: అందనిదాన్ని తెలిసిందనడం మాటల గారడీ కాదా?

మాస్టారు: కాదు. దొంగ పారిపోతాడు, సాక్షి మాట మారుస్తాడు. కారణాంకం ఎక్కడికీ పోదు. ఉందని తెలియడం ఒక జ్ఞానం, చేతికి చిక్కడం ఇంకొకటి. మొదటిది రెండోదానికి అప్పుపడి లేదు.

మాస్టారి వాదనే నాకు సబబనిపించింది. 20వ సంఖ్యకు ఇప్పటికీ ఒక్క కారణాంకమూ తెలియదు. 33వ ఫెర్మా సంఖ్య మీదైతే ఆపాటి తీర్పు కూడా ఇంకా రాలేదు.