భూమిని ఉద్ధరించిన స్వామి

హిరణ్యాక్షుడు భూదేవిని రసాతలమునకు గొనిపోగా, శ్రీమన్నారాయణుడు వరాహరూపము దాల్చి, ఆ తల్లిని కోఱపై నిలిపి జలధినుండి ఉద్ధరించెను. సింహాచలమున వెలసినది ఆ వరాహమూర్తియే, నృసింహునితో గూడి. ఈ కథ నెఱుగని ఆస్తికుడు లేడు. కాని ఆ దైత్యుని పేరులోనే ఒక బోధ యున్నది. హిరణ్యమనగా బంగారము, అక్షి యనగా కన్ను. బంగారముమీదనే చూపు గలవానికి భూమి తల్లిగా కనబడదు, సొత్తుగా కనబడును.

ఆ స్వామి కొండకు చేరువనే, విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు తీరమార్గమున, ఎఱ్ఱమట్టి దిబ్బలు కలవు. సముద్రమును గాలియు వేల సంవత్సరములు ఇసుకను పోగుచేయగా, అందలి ఇనుము ఎఱ్ఱదనము నిచ్చెను. వానలు లోయలను తీర్చెను. కురిసిన నీటిని ఆ ఇసుక త్రాగి లోపల దాచుకొనును. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో దీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా ప్రకటించినది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతో పాటు ఈ దిబ్బలును చేరినవి.

ఆ తీరముననే తొట్లకొండ, బావికొండ యను ప్రాచీన బౌద్ధక్షేత్రములు గలవు. వాననీటికై రాతిలో తొలిచిన తొట్లచేతను, బావులచేతను వానికి ఆ పేర్లు గలిగినవి. మతము వేరైనను, ఆ భిక్షువులు కొండను చెఱుపక, కొండ యిచ్చిన నీటితో జీవించిరి.

అయినను 2024లో ఇండ్ల స్థలములకై యంత్రములతో దిబ్బల ప్రాంతమును చదును చేయనారంభించిరి. ప్రజలు మొఱపెట్టగా అధికారులు పని నిలిపించిరి. ఆపద తొలగినదనుటకు లేదు, నగరము దినదినము పెరుగుచున్నది.

ఇల్లు కట్టుకొనుట గృహస్థధర్మము గాదా యని కొందరడుగుదురు. నిశ్చయముగా ధర్మమే. నిలువనీడ లేనివానికి నీడ గల్పించుట పుణ్యము. కాని ధర్మమునకు దేశకాలములు కలవు. వరాహమిహిరుడు బృహత్సంహితలో, దేవతావిగ్రహమునకై చెట్టును కొట్టవలసినవాడు ముందుగా రాత్రివేళ ఆ వృక్షమును పూజించి, బలి సమర్పించి, అందు వసించు భూతములను వేఱొకచోటికి పొమ్మని ప్రార్థింపవలెనని విధించెను. దేవుని విగ్రహమునకే ఇంతటి అనుమతి కావలసియుండగా, మన ఇంటికి అక్కఱలేదా? తొలగిపొమ్మని ప్రార్థించుటకైనను వేఱొకచోటు మిగిలియుండవలెను గదా! ఇల్లు ఇచ్చట గాకున్న మఱియొకచోట కట్టుకొనవచ్చును. కూలిన దిబ్బను కోట్లు వెచ్చించినను మఱల పోయలేము. తిరిగి చేయగలిగినదానికై, తిరిగి చేయలేనిదానిని చెఱుపరాదు. ఇదియే ఇచ్చట ధర్మనిర్ణయము.

ఆషాఢ పౌర్ణమి సమయమున భక్తులు వేలకొలదిగా సింహగిరి చుట్టును సుమారు 32 కిలోమీటర్లు పాదచారులై ప్రదక్షిణము చేయుదురు. గర్భగుడికి మాత్రమే గాక కొండ కంతటికిని ప్రదక్షిణము చేయుటలో, ఆ చెట్టును, ఆ రాయియు, ఆ ఊటయు స్వామి స్వరూపమే యను భావమున్నది. పాదములతో చేసిన ఆ ప్రదక్షిణము, కొండను ముక్కలుగా కొనుటకు చేయి చాచిన నాడు నిష్ఫలమగును. ఉదయమున శయ్యనుండి లేచి, కాలు మోపుటకు ముందే భూదేవిని క్షమింపుమని వేడుకొను సంప్రదాయము మనది. కాలి స్పర్శకే క్షమాపణ కోరువారు, గునపపు పోటునకు ఏమని కోరగలరు?

హిరణ్యాక్షుని చూపును మనలనుండి తొలగించి, తాను ఉద్ధరించిన భూమిని కాపాడుకొను సద్బుద్ధిని వరాహస్వామి అందరకును ప్రసాదించుగాక!