ఎండ ఎవరి చేతిలో ఉంది?

బిడ్డ పుట్టిన మాసాన్ని బట్టి తల్లిని లెక్కకట్టడం మనకు కొత్త కాదు. ఇప్పుడా లెక్కకు శాస్త్రం కూడా ఆసరా అవుతోంది. బోస్టన్‌లో, ఆస్ట్రేలియాలో ఎండ తగ్గే నెలల్లో పుట్టిన పిల్లల్లో ఆహార ఎలర్జీలు కొంత ఎక్కువగా కనిపించాయి. విటమిన్ డి తగ్గడం వల్ల కావచ్చునన్నది ఊహే, రుజువు కాలేదు.

అనంతపురంలో ఎండకు కరువు లేదు. శెనక్కాయ చేలల్లో కడుపుతోనే కలుపు తీసే స్త్రీకి అది కూలితో పాటు వచ్చే ఎండ. అయినా ఎండ ఒక్కటే చాలదు. తిరుపతి స్విమ్స్ వైద్యుల అధ్యయనాల్లో పల్లె స్త్రీలలోనూ డి లోపం విస్తారంగా బయటపడింది. తిండిలో కాల్షియం తక్కువ కావడం దాన్ని పెంచుతోందన్నారు. పాలూ పెరుగూ ముందు ఎవరి కంచంలోకి వెళ్తాయో మనకు తెలుసు.

అమెరికా శిశువైద్యుల సంఘం 2000లో, ఎలర్జీ ముప్పున్న పిల్లలకు మూడేళ్ల దాకా వేరుశనగ పెట్టొద్దంది, పాలిచ్చే తల్లుల్నీ తినొద్దంది. 2008లో ఆ సలహా వదులుకుంది. పసితనంలోనే తినిపిస్తే ఆ ఎలర్జీ బాగా తగ్గుతుందని 2015లో లండన్ ప్రయోగం తేల్చింది. రెండు సలహాలనూ మోసింది తల్లే. బిడ్డకు దద్దుర్లు వస్తే "ఏం తిన్నావు?" అని అడిగేదీ ఆమెనే.

కారణం వెతకడం శాస్త్రం పని. దాన్ని తల్లి తప్పుగా మార్చేది మనం. కాన్పు నెల అడిగేముందు, ఆమె ఎండా, విశ్రాంతీ, తిండీ ఎవరి చేతిలో ఉన్నాయో అడగాలి.