మహలూ, చెరువూ

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు ఎన్నాళ్ళు, ఎవరికి పనికొస్తుందో చూడమని మాత్రం అనలేదు.

పెనుకొండలో గగన్ మహల్ ఉంది. విజయనగర రాజుల వేసవి విడిది. 1565లో తళ్ళికోట దగ్గర ఓడిపోయాక తిరుమల దేవరాయలు హంపీ వదిలి పెనుకొండనే రాజధాని చేసుకున్నాడు. తర్వాత రాజధాని చంద్రగిరికి తరలిపోయింది. మహల్లో కమానులు మిగిలాయి, మెట్లు మిగిలాయి. పొయ్యి రాజేసే ఇల్లాలు లేదు.

ఆ రాజుల కాలానివే బుక్కపట్నం, బుక్కరాయసముద్రం చెరువులు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కూడా గగనమయ్యే సీమ ఇది. అయినా వాన పడిన ఏడు వాటి కింద ఇప్పటికీ పైరు పచ్చబడుతుంది.

అలాగని మహలు కట్టుకోవడం తప్పంటారా? ఎండల్లో చల్లని నీడ ఎవరు కోరుకోరు చెప్పండి! కాకపోతే, మహలు చల్లదనం గోడల మధ్యే ఉండిపోయింది. చెరువు చల్లదనం పదిమందిదీ అయింది. అందుకే పూడిక తీయడానికి తరతరాలుగా పదిమందీ పలుగూ పారా పట్టారు. అందరికీ అక్కరైనదాన్నే అందరూ కాపాడతారు.

రాజుల సంగతి మనకెందుకంటారా? మన బోరు ఇంకో వంద అడుగులు దింపితే పక్కింటి బోరు ఎండిపోవచ్చు. మన డబ్బు, మన స్థలం, నిజమే. నేల కింది నీళ్ళకి మాత్రం ప్రహరీగోడ ఎక్కడుందండీ?