ఆ ఆకు మంచిదేనా, అయ్యగారూ?

చదువవలసిన వాక్యభాగములు: లేవీయకాండము 13:1–8, యోహాను 9:13–34



కొన్ని సంవత్సరముల క్రిందట మాకు పచ్చకామెర్లు వచ్చెను. కన్నులు పసుపుపచ్చనాయెను, అన్నము చూచినంతనే వాంతి వచ్చుచుండెను. పొరుగూరిలో పసరు పోయు పెద్దమనిషి యొకడు ఉన్నాడని విని అక్కడికి పోయితిమి. ఆయన నేలఉసిరి నూరి మజ్జిగలో కలిపి ఇచ్చెను. మూడు ఉదయములు పరగడుపున అది త్రాగితిమి. నూనె, కారము మాని చప్పిడి పథ్యము చేసితిమి. మూడు వారములలో కోలుకొంటిమి.

అది మొదలుకొని కన్నులు పచ్చబడినవారు ఎవరు కనబడినను మేము చెప్పినది ఒక్కటే మాట: “ఆ పసరు త్రాగండి, మాకు తగ్గినది.” మా మాట విని పోయినవారిలో పలువురు కోలుకొని వచ్చి కృతజ్ఞతలు చెప్పిరి. డబ్బు పుచ్చుకొనక చేయుచున్న పరిచర్య అనుకొని మేమును సంతోషించితిమి.

తరువాత మా సంఘములో కూలిపని చేసికొని బ్రదుకు సహోదరునికి కన్నులు పచ్చబడెను. అతనికి కడుపులో కుడిప్రక్క నొప్పియు, అప్పుడప్పుడు చలిజ్వరమును ఉండెను. అతనికిని మేము అదే మాట చెప్పితిమి. మూడు దినములు పసరు త్రాగెను, తగ్గకపోగా మరి మూడు దినములు త్రాగెను, ఆపైన పథ్యము. పట్టణమునకు తీసికొనిపోవునప్పటికి ఇరువది దినములు గడచెను. పిత్తాశయములోని రాయి జారి, పిత్తము దిగు నాళములో అడ్డుపడినదనియు, అక్కడ చీము పట్టి ఆ విషము రక్తమునకు ఎక్కినదనియు వైద్యులు చెప్పిరి. ముందుగా వచ్చియుండిన రాయి తీసివేసి బ్రదికించు మార్గముండెడిదనిరి. నాలుగవ దినమున అతడు ప్రభువునందు నిద్రించెను.

అతని భార్య మమ్మును ఒక్క మాటయు అనలేదు. ఎప్పటివలెనే ఆదివారమున పిడికెడు బియ్యము తెచ్చి పోయుచుండెను. కొన్ని నెలల తరువాత ఒక రాత్రి గృహకూటము ముగిసి అందరు వెళ్లిన పిమ్మట ఆమె గుమ్మము దగ్గర ఆగి అడిగెను: “అయ్యగారూ, నాకొక్కటి చెప్పండి. ఆ ఆకు మంచిదేనా?”

ఆ రాత్రి మేము జవాబు చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్నను ఎదుట పెట్టుకొని ఇది వ్రాయుచున్నాము.

పది ఆజ్ఞలలో పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞ యున్నది. మేము అబద్ధము చెప్పితిమా? పసరు త్రాగిన మాట నిజము. తగ్గిన మాటయు నిజము. అయితే ఆ రెండు నిజముల నడుమ మేము ఒక చిన్న మాట చేర్చితిమి. అది “గనుక” అను మాట. పసరు త్రాగితిమి గనుక తగ్గినదని చెప్పితిమి. ఆ “గనుక” మేము చూచినది కాదు, ఊహించుకొన్నది. ఊహించినదానిని చూచినదానివలె చెప్పితిమి. మా మనస్సులో మోసము లేదు; అయినను మా సాక్ష్యములో సత్యము తక్కువాయెను.

ఎందుచేత పొరబడితిమో మీకును తెలియుట మంచిది. మొదటిది, మన పల్లెలలో వచ్చు కామెర్లలో చాలవరకు చెడిన నీటివలన కలుగు హెపటైటిస్ ఎ, ఇ అను వ్యాధులు. విశ్రాంతియు మంచి ఆహారమును దొరికినయెడల అనేకులకు కొన్ని వారములలో అవి వాటంతట అవే తగ్గును. గర్భిణీ స్త్రీలకు మాత్రము ఈ ఇ వ్యాధి ప్రాణాపాయము తేగలదు. కావున పసరు త్రాగినవాడును కోలుకొనును, త్రాగనివాడును కోలుకొనును; కీర్తి మాత్రము పసరునకు వచ్చును. రెండవది, కామెర్లు అనునది ఒక్క వ్యాధి పేరు కాదు. అది గుర్తు మాత్రమే. నీటివలన రావచ్చును, సారావలన రావచ్చును, రాయివలన రావచ్చును, కాలేయములో పుట్టిన పుండువలన రావచ్చును. పొగ కనబడినంత మాత్రమున కాలుచున్నది గడ్డివామియో, ఇల్లో తెలియదు గదా. మూడవది అన్నిటికంటె భయంకరమైనది. తగ్గినవారు మన యొద్దకు వచ్చి సాక్ష్యము చెప్పుదురు. చనిపోయినవారు వచ్చి చెప్పరు. మనము ఒక ప్రక్కవారి సాక్ష్యమే విని తీర్పు తీర్చుచున్నాము.

పాముకాటు మంత్రమును గూర్చియు ఇట్లే. కరచిన పాములలో విషము లేనివి అనేకములు. విషసర్పమైనను ఒక్కొక్కసారి విషము దింపకయే కరచును. అట్టివారు మంత్రము వేయించుకొనక పోయినను బ్రదుకుదురు. నాగుపాము గాని, కట్లపాము గాని, రక్తపింజరి గాని విషము దింపినప్పుడు మంత్రము పనిచేయదు; అప్పుడు కావలసినది ఆసుపత్రిలోని విషవిరుగుడు సూదిమందు.

అట్లయిన మన పెద్దల వైద్యమంతయు వ్యర్థమా? అట్లు చెప్పుటయు మరియొక అబద్ధసాక్ష్యమగును. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్ గారు తన భర్తతో కూడ 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి నెలకొల్పిరి. ఆ కాలములో ఆ వ్యాధికి వాడినది చాల్‌మోగ్రా నూనె. అది దొరల దేశపు మందు కాదు. మన దేశపు వైద్యులు పూర్వమునుండి ఎరిగిన అడవిచెట్ల గింజల నూనె. క్రైస్తవ వైద్యులు దానిని నాటుమందని త్రోసివేయక సూదిమందుగా వాడిరి. ఆ తరువాత 1940ల దశాబ్దములో డాప్సోన్ వచ్చెను. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులను కలిపి ఇయ్యవలెనని నిర్ణయించెను. నేడు ఆరు లేక పండ్రెండు నెలలు ఆ మాత్రలు మింగినవారు స్వస్థులగుచున్నారు. అంతకంటె మేలైనది దొరికినప్పుడు వైద్యులు నూనెను విడిచిపెట్టిరి. నూనె వారికి దేవుడు కాదు, పనిముట్టు మాత్రమే.

చైనా దేశపు తూ యూయూ అను స్త్రీ చేసిన పనియు గమనించుడి. ఒక పురాతన వైద్యగ్రంథములో చలిజ్వరమునకు ఒక మొక్కను నీటిలో నానబెట్టి పిండవలెనని యుండుట ఆమె చూచెను. వేడి తగిలిన దాని గుణము చెడునేమో యని తలంచి వేడి తగులకుండ సారము తీసెను. జంతువులకు ఇచ్చి చూచెను. రోగులకు ఇచ్చుటకు ముందు 1972లో తానే త్రాగి చూచెను. నేడు ప్రమాదకరమైన మలేరియాకు ముఖ్యమైన మందు ఆ మొక్కనుండి వచ్చినదే. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము ఇచ్చిరి. మన తెలుగు బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారు భీమవరమున 1895లో జన్మించిరి. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో బోధించి, తరువాత అమెరికా వెళ్లిరి. బోదకాలు రాకుండ ఇంటింట పంచు డీఈసీ మాత్ర ఆయన నాయకత్వమున జరిగిన పరిశోధనలో బయటపడినదే. ఆకును ప్రేమించుటయు, పరీక్షను ప్రేమించుటయు ఒక్క మనిషిలో ఇముడగలవని వీరి జీవితములు చూపుచున్నవి.

కాబట్టి తేడా మనదియా పరాయిదియా అనుటలో లేదు. ఆకా, మాత్రయా అనుటలోను లేదు. పరీక్షకు నిలుచునా, నిలువదా అనుటలో ఉన్నది. లేవీయకాండము 13వ అధ్యాయము చదివి చూడుడి. శరీరముమీద మచ్చ కనబడినప్పుడు యాజకుడు వెంటనే తీర్పు చెప్పడు. ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచి మరల చూచును. ఇంకను ఏడు దినములు ఉంచి మరల చూచును. మన ప్రభువు కుష్ఠురోగిని బాగుచేసిన తరువాత కూడ అతనిని యాజకునియొద్దకు పోయి కనుపరచుకొమ్మనెను (మత్తయి 8:4). తాను చేసిన స్వస్థతయే పరీక్షింపబడుటకు ఆయన అడ్డుచెప్పలేదు. ప్రభువు చేసిన కార్యము పరీక్షకు నిలువగా, మన పసరు మాత్రము పరీక్ష అక్కరలేనంత గొప్పదా?

మరికొందరు సహోదరులు, వైద్యునియొద్దకు పోవుట అవిశ్వాసమని చెప్పుచున్నారు. ఆసా రాజును చూపుచున్నారు (2 దినవృత్తాంతములు 16:12). అక్కడ అతనిమీద మోపబడిన తప్పు ప్రభువును విడిచిపెట్టుట. హిజ్కియా కన్నీళ్లతో ప్రార్థించెను. యెషయా అంజూరపు ముద్దను పుండుమీద వేయించెను (2 రాజులు 20:1–7). ప్రార్థనయు ముద్దయు ఒక్క గదిలోనే ఉండెను, ఒకదానినొకటి వెళ్లగొట్టలేదు.

ఇంకొక మాటయు ఒప్పుకొనవలెను. మనవారు నాటువైద్యునియొద్దకు పోవుట అజ్ఞానమువలననే కాదు. ఆయన అరుగుమీద కూర్చుండబెట్టును, చెయ్యి పట్టి చూచును, ఏమి తింటివి, నిద్ర పట్టెనా అని అడుగును. పెద్ద ఆసుపత్రిలో దినమంతయు వరుసలో నిలిచి రెండు నిమిషములైనను మాట దొరకక తిరిగి వచ్చినవారు మనలో ఎందరో. రక్తస్రావముగల స్త్రీ తన సంగతియంతయు చెప్పువరకు ప్రభువు నిలిచి వినెను (మార్కు 5:33). ఏలీయా చావును కోరుకొన్నప్పుడు దేవుడు మొదట గద్దింపక నిద్రయు, రొట్టెయు, నీళ్లును ఇచ్చెను (1 రాజులు 19:4–8). మనిషి వట్టి కాలేయము కాడు, వట్టి గుండె కాడు. నిద్ర, మితాహారము, కాచిన నీళ్లు, నడక, విశ్రాంతి దినము, ప్రక్కన కూర్చుండి వినువాడు, ఇవియు ఆరోగ్యమే. ఇందులో సంఘము చేయగల పని ఎంతో యున్నది.

అయితే మన నోటికి కావలి యుండవలెను. జలుబునకు మిరియాల కషాయము కాచి ఇచ్చుట ప్రేమయే. కన్నులు పచ్చబడినను, పాము కరచినను, రెండు వారములు దగ్గు విడువకున్నను, చర్మముమీద స్పర్శ లేని మచ్చ కనబడినను మనము చెప్పవలసిన మాట “ఈ ఆకు వాడు” అని కాదు, “పద, నేను కూడ వచ్చెదను” అని. క్షయకు ఇచ్చిన మాత్రలను ఒంట్లో బాగున్నదని నడుమ మానిన వ్యాధి మొండిపడును. చక్కెరవ్యాధికి వాడు మందును, ఇన్సులిన్‌ను ఎవరో ఒక పొడిని పొగడిరని ఆపరాదు. ఆకుమందు వాడుచున్నయెడల ఆ సంగతి వైద్యునికి దాచక చెప్పవలెను.

పుట్టుగ్రుడ్డివాడు మనకు మంచి సాక్షి. పరిసయ్యులు ఎంత ఒత్తిడి చేసినను, తాను ఎరుగనిదానిని ఎరుగననియు, ఎరిగినదానిని ఎరుగుదుననియు చెప్పెను (యోహాను 9:25). ప్రభువు అతని కన్నులమీద బురద పూసెను. అయినను అతడు ఆ బురద ఎత్తుకొని ఊరూర పంచుటకు పోలేదు.

తుదకు మేము ఆ సహోదరి యింటికి వెళ్లితిమి. ఆ ఆకు మంచిదో కాదో మాకు తెలియదనియు, తెలియకయే తెలిసినట్లు చెప్పితిమనియు ఒప్పుకొని, క్షమింపుమని అడిగితిమి. ఆమె చాలసేపు నేల చూచుచు కూర్చుండెను. తరువాత, “ఈ మాట నాతో చెప్పితే చాలదు అయ్యగారూ, అందరికీ చెప్పండి” అనెను.

అందుచేత చెప్పుచున్నాము. మన నోటి మాటను నమ్మి ప్రాణము అప్పగించువారు మన చుట్టు ఉన్నారని మనము మరువకుందుము గాక.