ఆఫర్ లెటర్‌లో 80 వేలు, అకౌంట్‌లో 66 వేలు



ఈ వారం వీడియోలో వామనావతారం చెప్పుకున్నాం కదా. టైం చాలక శుక్రాచార్యుల వారి మాటలు రెండు నిమిషాల్లో లాగించేశాను. నిజానికి నాకు పని పడింది ఆ మాటలతోనే. ఎందుకో తెలియాలంటే ముందు నా జీతం సంగతి చెప్పాలి.

నా సీటీసీ 9 లక్షల 60 వేలు. మా నాన్న దాన్ని 12తో భాగించి, మావాడికి నెలకి 80 వేలని ఊరంతా చెప్పేశారు. అందులో 60 వేలు వేరియబుల్, ఏడాది చివర ఇస్తే ఇచ్చినట్టు. మిగిలింది నెలకి 75 వేలు. కంపెనీ వాటా పీఎఫ్ 3,600 అందులోదే, నా వాటా ఇంకో 3,600, గ్రాట్యుటీ పేరుతో 1,443, వృత్తి పన్ను 200. కొత్త విధానంలో ఇన్‌కం ట్యాక్స్ పడట్లేదు, స్వామి దయ. చేతికొచ్చేది 66,157. కొండాపూర్‌లో అద్దె, మెయింటెనెన్స్ 21 వేలు. చదువు లోన్ ఈఎంఐ 11 వేలు. తిండి, కరెంటు, పెట్రోలు అన్నీ కలిపి 17 వేలు. ఇంటికి 10 వేలు. మిగిలిన 7 వేలు ఎటు పోతాయో నా వీకెండ్లనే అడగాలి.

మొన్న శ్రావణంలో నాన్న ఫోన్ చేసి, "చెల్లి ఫీజుకి ఓ 30 వేలు సర్దగలవా నాన్నా?" అన్నారు. నా దగ్గర లేవు. 80 వేలు తెచ్చుకునేవాడు లేవంటే నమ్ముతారా? "కంపెనీలో జీతాలు ఆపేశారు నాన్నా" అనేశాను. నాన్న బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. అమ్మేమో నా జీతం మళ్లీ రావాలని వెంకన్నకి ముడుపు కట్టింది. నా అబద్ధానికి ముడుపు!

ఇప్పుడు అష్టమ స్కంధానికి వద్దాం. బతుకుతెరువు పోగొట్టే దానం దానం కాదంటారు శుక్రాచార్యులు. సంపాదన ఐదు భాగాలు చేయమంటారు: ధర్మానికి, కీర్తికి, మళ్లీ సంపాదించడానికి, సుఖానికి, సొంతవాళ్లకి. సొంతవాళ్లకి విడిగా ఓ భాగం, మిగిలితే ఇచ్చేది కాదు. వెంటనే ఎక్సెల్ తీసి చూసుకున్నా. నా ధర్మం గడిలో సున్నా.

కానీ ఆయన అక్కడితో ఆగరు. బతుకుతెరువు కాపాడుకోవడానికి అబద్ధమాడినా పెద్ద తప్పు కాదంటారు. అది చదివి హమ్మయ్య అనుకున్నాను, దాచేదేముంది. బలి మాత్రం ఒప్పుకోడు, ప్రహ్లాదుడి మనవడు కదా. గురువు చెప్పిన లెక్క తప్పని ఎక్కడా అనడు. గృహస్థుకి అదే ధర్మమంటాడు. అయితే నరకానికీ, పేదరికానికీ, పదవి పోవడానికీ కూడా అంత భయపడను గానీ, అడిగినవాణ్ణి మోసం చేయడానికి భయపడతానంటాడు. ఎంత బరువైనా మోసే భూదేవి అబద్ధాలకోరుని మాత్రం మోయలేనందట. నన్నడిగింది కన్నతండ్రి.

ఆదివారం పేస్లిప్ వాట్సాప్‌లో పెట్టి, ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేశాను. చాలాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత నాన్న, "ఈ పీఎఫ్ రెండుసార్లు ఎందుకు కోశార్రా?" అన్నారు. ఆ వడ్డీ అప్పు నెలకి 5 వేల చొప్పున నేనే తీరుస్తానన్నాను. వీకెండ్లు అయిపోయినట్టే.

అమ్మ మాత్రం ముడుపు విప్పనంది. "కట్టాక వెనక్కి తీసుకోకూడదురా. కొండకి నువ్వూ రా, ఛార్జీలు నీవే" అంది. స్లీపర్ టికెట్లు బుక్ చేశాను. వాటిని ఐదింటిలో ఏ గడిలో రాయాలో ఇంకా తేలలేదు.