ఎవరి తాలూకని అడగకు, చిన్నా

చిన్నా, ఘనాలో, కుమాసీలో ఉద్యోగమని నువ్వు చెప్పగానే మీ నానమ్మ ఆవకాయ జాడీ దించింది. నేను కట్టి ఇచ్చేది ఒక్క మాటే. అక్కడ ఎవరినీ "మీది ఏ ఊరు, ఎవరి తాలూకు?" అని తవ్వకు. మనకది పలకరింపు. ఇంటిపేరు చెప్పించి కులం పసిగట్టేదాకా మనకు నిద్రపట్టదు. అక్కడి అసాంటేల రాజ్యం నిలబడింది ఆ ప్రశ్న మానుకున్నందుకే.

1482లో పోర్చుగీసువాళ్లు ఎల్మినా తీరాన కోట కట్టింది బంగారం కోసం. 1637లో డచ్చివాళ్లు దాన్ని లాక్కున్నారు. లోపలి అడవుల నుంచి బంగారం తీరానికి దిగేది, తుపాకులు, మందుగుండు పైకెక్కేవి. ఆ దారుల మీద పెత్తనం డెంకైరా రాజులది. అసాంటే ఊళ్లు వాళ్లకు కప్పం కట్టేవి. కుర్రతనంలో ఆ కొలువులోనే ఉండివచ్చిన ఒసెయి టుటు, మేనమామ తర్వాత కుమాసీ గద్దెనెక్కి చుట్టుపక్కల ఊళ్లను కూడగట్టాడు. 1701లో ఫెయియాసె దగ్గర డెంకైరాను ఓడించాడు. ఆ ఏడే డచ్చి దూత కుమాసీకి బయల్దేరాడు. గెలిచినవాడి గుమ్మం వ్యాపారికి ఒకరు చూపనక్కర్లేదు!

తుపాకులు ఇరుగుపొరుగు రాజులకూ ఉండేవి. మరి ఈ వంశమే నిలిచిందేం? పూజారి ఒకోంఫో అనోక్యె ఆకాశం నుంచి బంగారు పీటను ఒసెయి టుటు మోకాళ్ల మీదికి దించాడని వాళ్ల కథ. జాతి ప్రాణం అందులో ఉందట. దానిమీద రాజు కూడా కూర్చోడు. దానికే వేరే ఆసనం వేస్తారు. కలిసిన ఊళ్లకు ఇంకో కట్టుబాటు: ఒకరి పుట్టుపూర్వోత్తరాలు మరొకరు బయటపెట్టకూడదు.

అంతా మంచే అనను. యుద్ధ ఖైదీలను ఓడలవాళ్లకు బానిసలుగా అమ్మిందీ ఆ రాజ్యమే.

1900లో బ్రిటిష్ గవర్నర్ ఆ పీట తెమ్మన్నాడు, తాను కూర్చోవాలట. యా అసాంటెవా అనే రాజమాత జనాన్ని యుద్ధానికి లేపింది. యుద్ధం ఓడారు. పీట మాత్రం దొరకనివ్వలేదు.

ఎవరింట్లోనైనా పీట పక్కకు ఒరిగి ఉంటే, నిలబెట్టి కూర్చోకు. యజమాని లేనప్పుడు ఏ ఆత్మా వచ్చి చేరకుండా అలా ఒరగబెడతారు. వాళ్లు చూపినచోట కూర్చో. పేరడుగు, క్షేమమడుగు, అక్కడితో ఆపు.

ఈ ఒక్క పని ఇన్నేళ్లలో నాకు చేతకాలేదు. నువ్వు అక్కడ నేర్చుకుని, వచ్చేటప్పుడు మన ఊరికి పట్టుకురా.